ఇంట్లో అనుభవం ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంది, బడ్జెట్ 1,200 డాలర్లు: మొదటి తుపాకులు ఏవి కొనమంటారు?

డెంటన్_శ్రీను (డెంటన్ కౌంటీ, టెక్సస్)

అందరికీ నమస్కారం. పోయిన ఏడాది నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. ఈ వేసవిలో ఊరికి దూరంగా, రెండెకరాల స్థలంలో ఉన్న ఇంటికి మారాం. ఫోన్ చేస్తే పోలీసులు రావడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుందని పక్కింటాయన చెప్పాడు. రాత్రయితే కయోటీల అరుపులు. పొద్దున లేచి చూస్తే వెనక కంచె పక్కన అడవిపందులు నేలంతా దున్నేసి ఉంటున్నాయి. అందుకే ఇంట్లో తుపాకీ ఉండాలని నిర్ణయించుకున్నాను.

ఇంట్లో ఎవరెవరున్నారో చెప్తాను. నేను కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో .22 (చిన్న తూటా) రైఫిల్‌తో ఓ పది రౌండ్లు కాల్చాను, నా అనుభవం అంతే. మా ఆవిడకి గ్రీన్ కార్డు ఉంది. ఇంతవరకూ తుపాకీ ముట్టలేదు, చేతులు చిన్నవి, కుడి మణికట్టు నొప్పి కూడా ఉంది. అమ్మాయికి 15, బాబుకి 9. మా బావమరిది హెచ్-1బి మీద ఉన్నాడు, మాతోనే ఉంటాడు. మామగారు ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. విజిటర్ వీసా మీద వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. ఎస్‌ఎల్‌ఆర్ నుంచి ఇన్సాస్ దాకా అన్నీ వాడిన మనిషి.

ఒక షాట్‌గన్, ఒక పిస్టల్, ఒక రైఫిల్ తీసుకుందామనుకుంటున్నా. చవగ్గా ఉండాలి, మొరాయించకూడదు, ఇంట్లో అందరూ వాడగలగాలి. బావమరిది కూడా ఒకటి కావాలంటున్నాడు, అది కూడా నా పేరు మీదే కొనేస్తే సరిపోతుందా?

ఇర్వింగ్_రాఘవ

శ్రీను గారూ, మీ చివరి లైను చూసి మిగతావన్నీ పక్కన పెట్టి రాస్తున్నాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

షాపులో మీ చేత ఫారం 4473 నింపిస్తారు. అసలు కొనుగోలుదారు మీరేనా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. కొనడానికి అర్హత లేని మనిషి కోసం కొంటూ "నేనే" అని సంతకం పెడితే ఫెడరల్ నేరం. మీ ఆవిడకి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆవిడకి బహుమతిగా కొనివ్వచ్చు, తప్పులేదు. బావమరిది సంగతి వేరు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని 1998 నుంచి ఫెడరల్ చట్టంలో ఉంది. కొనకపోతే చాలు అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. రేంజికి (కాల్పులు ప్రాక్టీస్ చేసే చోటికి) తీసుకెళ్లి "ఒక్క రౌండు కాల్చు బావా" అని చేతికిచ్చినా అది దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. దాంతోపాటు వీసా పోతుంది, గ్రీన్ కార్డు లైనులో ఇన్నేళ్లు నిలబడ్డదంతా గంగలో పోసినట్టే.

ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. అయితే మనవాళ్లు వాట్సాప్‌లో చెప్పుకున్నంత తేలికగా దాన్ని తీసుకోకూడదు. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో గంటసేపు కూర్చుని మాట్లాడించండి. తుపాకీ ధరతో పోలిస్తే ఆ ఫీజు ఎక్కువేం కాదు.

మామగారికీ ఇదే రూలు. దేశం కోసం ఎన్నేళ్లు తుపాకీ మోసినా ఇక్కడ ఆయన బి-2 విజిటరే.

డెంటన్_శ్రీను

రాఘవ గారూ, ఈ సంగతి నాకు నిజంగా తెలీదు. పోయిన శనివారమే ముగ్గురం రేంజికి వెళ్దామనుకున్నాం, వాన పడి ఆగిపోయాం. ఇప్పుడు తల్చుకుంటే చెమటలు పడుతున్నాయి. మరి వాళ్లిద్దరూ మా ఇంట్లోనే ఉంటున్నారు కదా, నేను కొనుక్కోవడానికైనా ఇబ్బంది లేదా?

ఇర్వింగ్_రాఘవ

మీరు కొనుక్కోవచ్చు. కాకపోతే దాన్ని మీరూ మీ ఆవిడా మాత్రమే తెరవగలిగే సేఫులో పెట్టాలి. నంబరు బావమరిదికి చెప్పకూడదు, తాళంచెవి అతనికి అందేచోట ఉండకూడదు. "ఎప్పుడైనా అవసరపడితే" అని కూడా చెప్పకండి. చెయ్యి వేసి తీసుకోగలిగిన చోట ఉంటే, అది అతని దగ్గర ఉన్నట్టేనని వాదించడానికి వీలుంటుంది.

హ్యూస్టన్_కిరణ్

వీసా సంగతి తేలింది కాబట్టి తుపాకుల దగ్గరికొద్దాం. నన్నడిగితే 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు, అంకె పెరిగేకొద్దీ లావు తగ్గుతుంది) పంప్ షాట్‌గన్ ఒక్కటి చాలు. మాస్‌బర్గ్ 500 తీసుకోండి. 1961 నుంచి అదే తయారీ, మట్టిలో పడ్డా పనిచేస్తుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. 400 డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. ఇంటికీ అదే, పందులకీ అదే. మూడు తుపాకులు కొని మూడూ సరిగ్గా రాకపోవడం కంటే ఒకటి కొని బాగా నేర్చుకోవడం మేలు.

ప్లేనో_సుజాత

కిరణ్ గారూ, ఒకటి కొని బాగా నేర్చుకోవాలన్న మాట నాకూ నచ్చింది. ఆ ఒకటి 12 గేజ్ కావడంతోనే నా పేచీ. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

ఆరేళ్ల కిందట మా ఆయన సరిగ్గా ఇదే ఆలోచనతో 12 గేజ్ తెచ్చారు. తెలిసినవాళ్ల పొలంలో నా చేతికిచ్చి బక్‌షాట్ (పెద్ద గుళ్లున్న తూటా) వేసి కాల్చమన్నారు. బట్ (తుపాకీ వెనక కొస) భుజానికి ఎలా ఆనించాలో ఎవరూ చెప్పలేదు. భుజం గుంటలో కాకుండా చేతి కండ మీద పెట్టుకున్నాను. ఒక్క దెబ్బకి రెండడుగులు వెనక్కి పడ్డాను. మర్నాటికి అరచేయంత మేర నల్లగా కమిలిపోయింది, పది రోజులు జాకెట్టు వేసుకుంటుంటే ప్రాణం పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఆ గది వైపు వెళ్లాలంటేనే భయం వేసేది. రెండేళ్లూ ఆ తుపాకీ మా ఆయనకి ఒక్కరికే ఉన్నట్టు. ఆయన నెలకి పది రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం.

పంప్ షాట్‌గన్ కంగారులో ఉన్నవాళ్లకి తేలిక కూడా కాదు. ఫోరెండ్ (గొట్టం కింద ఉండే పట్టు) పూర్తిగా వెనక్కి లాగి పూర్తిగా ముందుకు తొయ్యాలి. భయంలో చెయ్యి సగంలో ఆగితే జామ్ అవుతుంది. షాట్‌గనే కావాలనుకుంటే 20 గేజ్, పొట్టి స్టాకుతో (భుజానికి ఆనించే వెనక భాగం) చూడండి. మాస్‌బర్గ్ 500లోనే అలాంటిది వస్తుంది. కానీ అది కూడా రెండో తుపాకీగానే.

నన్ను మళ్లీ దారిలో పెట్టింది .22 రైఫిల్.

ఆస్టిన్_వేణు

సుజాత గారి మాట అక్షరాలా నిజం. నేను కొత్తవాళ్లకి నేర్పిస్తుంటాను. భయపడి మానేసిన ఆడవాళ్లని అడిగితే, చాలాసార్లు మొదటిరోజు ఎవరో పెద్ద తుపాకీ చేతిలో పెట్టిన కథే బయటికొస్తుంది.

శ్రీను గారూ, మీ ఇంటికి మొదటిది రూగర్ 10/22. 1964 నుంచి తయారవుతోంది. సాదా మోడల్ 300 డాలర్ల దగ్గరలో ఉంటుంది. వెనక్కి తన్నదు. మోత కూడా తక్కువే, అయినా చెవులకి రక్షణ లేకుండా కాల్చకూడదు, .22 చప్పుడు కూడా వినికిడి దెబ్బతీసేంత ఉంటుంది. పది రౌండ్ల గుండ్రటి మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) అడుగుభాగానికి సమానంగా కూర్చుంటుంది, దేనికీ తగులుకోదు. తూటా ధర చూడండి. నేను మొన్న కొన్నప్పుడు .22 తూటాలు 500 పెట్టె 35 డాలర్లు పడింది. 9 ఎంఎం పిస్టల్ తూటాలైతే 50కే 13 పెట్టాను. నెలకి 20 డాలర్లతో ఇద్దరు మనుషులు కడుపునిండా ప్రాక్టీస్ చేసుకోవచ్చు. నేర్చుకునేవాళ్లున్న ఇంట్లో తుపాకీ ధర ఒక్కసారి ఖర్చు, తూటాలది ఎప్పుడూ ఉండే ఖర్చు.

.22 తూటా చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మైలు దాటి పోగలదని పెట్టె మీదే రాసుంటుంది. మీది రెండెకరాలు. పదెకరాలు, అంతకు లోపు ఉన్న సబ్‌డివిజన్ ప్లాట్లలో కాల్పులు నిషేధించే అధికారం టెక్సస్‌లో కౌంటీలకి ఉంది. మీ కౌంటీ రూలు కనుక్కునే దాకా పెరట్లో ఒక్క రౌండు కూడా కాల్చకండి.

పందుల గురించి. .22తో పందిని కొట్టకూడదు. చావదు, గాయంతో బాధపడుతూ తిరుగుతుంది. ప్రైవేటు స్థలంలో యజమాని అనుమతి ఉంటే అడవిపందుల వేటకి 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదు. మీ చుట్టుపక్కల పందులు పట్టేవాళ్లుంటే వాళ్లని పిలిచి బోను పెట్టించండి. ఒక్కోటీ కాల్చడం కంటే మందని బోనులో పట్టించడం మేలు.

ఓక్లహోమా_జాన్‌బాబు

పిస్టల్ సంగతి నేను చెప్తా. శ్రీను గారికైతే గ్లాక్ 19 అనేవాణ్ణి. 1988 నుంచి ఉంది, నేను వాడేదీ అదే, శుభ్రం చెయ్యడం మర్చిపోయినా పనిచేసింది. కానీ ఆయన అడిగింది "అందరూ వాడగలగాలి" అని. మణికట్టు నొప్పి ఉన్న మనిషికి గ్లాక్ స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగడం కష్టం. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల షీల్డ్ ఈజీ అని ఉంది, సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే చేశారు. స్లైడ్ మెత్తగా వస్తుంది, మ్యాగజైన్‌లో తూటాలు ఎక్కించడానికి పక్కన బుడిపె ఉంటుంది, దాన్ని కిందకి లాగుతూ ఎక్కిస్తే గోళ్లు నొప్పెట్టవు. 2018లో .380 సైజు తూటాతో వచ్చింది, తర్వాత 9 ఎంఎంలో. .380 చేతికి ఇంకా సుఖం, కానీ తూటాలు 9 ఎంఎం కంటే ఖరీదు.

రెండు జాగ్రత్తలు. పిడి వెనకాల నొక్కితేనే పేలే సేఫ్టీ ఉంటుంది దానికి. చెయ్యి వదులుగా పట్టుకుంటే అది పూర్తిగా నొక్కుకోదు, ట్రిగ్గర్ పనిచెయ్యదు. కాబట్టి కొనేముందు ఆవిడ చేత్తో కాల్చి చూడాల్సిందే. రెండోది, సెకండ్‌హ్యాండ్‌లో చూస్తే 2020 మార్చి నుంచి అక్టోబరు మధ్య తయారైన వాటిని హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి లాంటి భాగం) లోపంతో కంపెనీ వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు వాళ్ల సైటులో సరిచూసుకోండి. ఏ కంపెనీ పాత తుపాకీ కొన్నా ఈ పని చెయ్యాల్సిందే.

ఇంకో మాట. "ఆడవాళ్లకి చిన్నది బాగుంటుంది" అని షాపులో జేబు రివాల్వర్ చూపిస్తారు. తీసుకోకండి. బరువు తక్కువైతే తన్ను ఎక్కువ, ట్రిగ్గర్ బిగువు, గొట్టం పొట్టి. ఎన్నో ఏళ్లు కాల్చినవాళ్లకే అది కష్టం.

హ్యూస్టన్_కిరణ్

సుజాత గారి అనుభవం చదివాక నా సలహా నేను మార్చుకుంటున్నాను. నా ఒక్కడి సౌకర్యం చూసుకుని రాశాను, ఆవిడ మణికట్టు గురించి శ్రీను గారు చెప్పింది నేను పట్టించుకోలేదు. 20 గేజ్ మాట కూడా బాగుంది.

డాలస్_డా_లక్ష్మి

నేను పిల్లల డాక్టర్ని. ఇక్కడ అందరూ తుపాకీ గురించే రాస్తున్నారు, ఆ ఇంట్లో 15 ఏళ్ల అమ్మాయి, 9 ఏళ్ల బాబు ఉన్నారు. 1,200లో మొదటి ఖర్చు సేఫ్ మీద పెట్టండి. మిగిలిన దాంతో తుపాకీ.

అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఈ మాట మన ఇళ్లల్లో ఎవరూ ఎత్తరు. చదువు టెన్షన్, మార్కులు, స్నేహాలు, కాలేజీ అప్లికేషన్లు. పదిహేనేళ్ల పిల్లలు పైకి నవ్వుతూనే ఉంటారు. ఆ వయసులో వచ్చే ఆవేశం చాలాసార్లు కొద్ది నిమిషాలది. ఆ నిమిషాల్లో చేతికి తుపాకీ అందకపోతే పిల్ల బతుకుతుంది. నేను చూసిన ఇళ్లల్లో "మా అమ్మాయి అలాంటిది కాదు" అననివాళ్లు లేరు. ఇంట్లో పిల్లగానీ పెద్దగానీ దిగులుగా ఉన్నారనిపిస్తే ఆ కొద్దినాళ్లు తుపాకీని ఇంటి బయట భద్రపరిచే ఏర్పాటు చూడండి, 988కి (ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి, ఏ వేళైనా పలుకుతారు.

చిన్నవాళ్ల సంగతికొస్తే, "మావాడికి తెలీదు ఎక్కడుందో" అని తల్లిదండ్రులు చెప్తారు. బయట కూర్చున్న పిల్లాడిని నేను విడిగా అడిగితే ఏ బీరువాలో ఏ చీరల కింద ఉందో చెప్తాడు. చీరల కింద, బియ్యం డబ్బా వెనకాల, దేవుడి గది అటక మీద. ఇవేవీ దాచినట్టు కాదు. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా అజాగ్రత్తగా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు.

లైసెన్సున్న డీలరు పిస్టల్ అమ్మితే తాళం గానీ భద్రపరిచే సాధనం గానీ ఇచ్చి తీరాలి. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే తుపాకీ భద్రతా కార్యక్రమం కింద కేబుల్ తాళాలు చాలా పోలీసు స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు, రైఫిల్‌కి అది వేసి సేఫులో పెట్టండి. తూటాలు విడిగా, వేరే తాళంలో. సేఫ్ నంబరు మాత్రం పుట్టినరోజులు, పెళ్లిరోజు పెట్టకండి. పిల్లలు మొదట ప్రయత్నించేవి అవే.

నెల్లూరు_బాషా (సాన్ ఆంటోనియో దగ్గర)

నాకు గ్యాస్ స్టేషన్ ఉంది, పన్నెండేళ్లుగా. కౌంటరు కింద పిస్టల్ ఉంటుంది. రెండేళ్ల కిందట రాత్రి పదకొండప్పుడు ఒకడు వచ్చి నా మొహానికి తుపాకీ పెట్టాడు. నా చెయ్యి కింద ఉన్న పిస్టల్‌కి జానెడు దూరంలో ఉంది. డ్రాయరు తెరిచి డబ్బులిచ్చేశాను. మొత్తం 340 డాలర్లు. నా భార్య వెనక గదిలో లెక్కలు రాసుకుంటోంది, రెండు గోడలూ రేకులు. ఇద్దరం కాల్పులు మొదలుపెడితే ఆ తూటాలు ఆవిడ దాకా పోయేవి.

శ్రీను తమ్ముడూ, నీ ఇంట్లో గోడలు కూడా జిప్సమ్ బోర్డువే. పిల్లల గదులు ఎటువైపున్నాయో, నీ మంచం దగ్గర్నుంచి గుమ్మం వైపు గురి పెడితే ఆ వెనకాల ఎవరు పడుకుని ఉంటారో పగలు ఒకసారి నడిచి చూసుకో. నేను ఆ దోపిడీ తర్వాత చేసిన మొదటి పని తుపాకీ మార్చడం కాదు, తలుపుకి మంచి గడియ, బయట లైట్లు, కెమెరా. నువ్వూ అవి పెట్టించు.

డెంటన్_శ్రీను అకౌంట్ నుంచి

నేను శ్రీను భార్యని. ఆయన నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ నాకు చదివి వినిపించారు. ఒక్క మాట రాస్తాను.

ఇన్నాళ్లూ ఏ తుపాకీ కొనాలా అని ఆయనా తమ్ముడూ నాన్నా మాట్లాడుకుంటున్నారు. నాకు ఇష్టమా అని ఎవరూ అడగలేదు. సుజాత గారి పోస్టు విన్నాక నేనే అడిగించుకున్నాను. నాకు భయమే. కానీ ఆయన నైట్ షిఫ్టులకి వెళ్లినప్పుడు పిల్లలతో ఆ ఇంట్లో ఉండేది నేనే. నేర్చుకోమంటే నేర్చుకుంటాను. ఆయన దగ్గర మాత్రం నేర్చుకోను, కారు నేర్పినప్పుడే తెలిసింది. వేణు గారూ, ఆడవాళ్లు నేర్పే క్లాసులు ఉంటాయా?

ఆస్టిన్_వేణు

ఉంటాయమ్మా. మీ దగ్గర డాలస్ చుట్టూ చాలా రేంజిల్లో ఆడవాళ్లకే విడిగా క్లాసులు నడుస్తాయి, నేర్పేవాళ్లూ ఆడవాళ్లే. మొదటి క్లాసులో సగం టైము తుపాకీ ముట్టకుండా నాలుగు నియమాలే చెప్తారు. ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిర్ణయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఎదుట ఉన్నదేంటో, దాని వెనకాల ఏముందో చూసుకోవాలి. ఈ నాలుగూ ఎక్కాల్లా నోటికి రావాలి.

వెళ్లేటప్పుడు మెడ దగ్గర బిగుతుగా ఉండే చొక్కా వేసుకోండి. పిస్టల్ పక్కకి ఎగరేసే ఖాళీ షెల్ (తూటా తొడుగు) పొయ్యి మీంచి తీసినంత వేడిగా ఉంటుంది. వెడల్పు మెడ కుర్తీలో పడితే కంగారుపడి చేతిలో తుపాకీతోనే పక్కకి తిరిగేస్తారు. నేను చూసిన ప్రమాదకరమైన క్షణాల్లో ఇదొకటి. వేళ్ల దగ్గర మూసి ఉన్న బూట్లు, కళ్లద్దాలు, చెవులకి ఫోమ్ బిరడాలు, వాటి మీద మఫ్‌లు. అయిపోయాక చన్నీళ్లు, సబ్బుతో చేతులు కడుక్కునే దాకా ఏమీ తినకండి, సీసం ఉంటుంది.

స్లైడ్ లాగడానికి ఒక కిటుకు. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోండి, గొట్టం ఎదురుగానే ఉండాలి. ఎడమ అరచేయి స్లైడ్ మీద గట్టిగా బిగించి, కుడి చేత్తో పిడిని ముందుకి గుద్దండి. వెనక్కి లాగడానికి వేళ్ల బలం కావాలి, ముందుకి తొయ్యడానికి భుజం బలం చాలు. ఒకే రోజు మూడు నాలుగు పిస్టళ్లు అద్దెకి తీసుకుని కాల్చి చూడండి. ఏదైతే మీ చేత్తో మీరే ఎవరి సాయం లేకుండా లోడ్ చేసి, ఖాళీ చేసి, జామ్ తీయగలుగుతారో అదే మీది. మీ ఆయన దాన్ని తర్వాత అలవాటు చేసుకుంటారు.

హైదరాబాద్_మహేశ్

నేను ఇండియా నుంచి చదువుతున్నాను. మామగారి గురించి, బావమరిది గురించి ఎవరూ దారి చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఎయిర్ రైఫిల్ ఎందుకు కొనకూడదు? మా పాప ఇక్కడ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెల్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆయన హైదరాబాదీ, ఇషా సింగ్ కూడా మా ఊరి పిల్లే. ఇక్కడ మామూలు తుపాకీకి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అదే తక్కువ శక్తి ఎయిర్‌గన్ అయితే ఆ బాధ లేదు. అమెరికాలో రూలు ఎలా ఉంటుందో రాఘవ గారు చెప్పాలి.

ఇర్వింగ్_రాఘవ

మహేశ్ గారూ, చాలా మంచి మాట. గాలి ఒత్తిడితో పనిచేసేవి ఫెడరల్ చట్టంలో "ఫైర్‌ఆర్మ్" నిర్వచనంలోకే రావు, మందు పేలుడుతో తూటా పోయేవే వస్తాయి. కాబట్టి హెచ్-1బి బావమరిదికీ, బి-2 మామగారికీ ఆ నిషేధం అడ్డం రాదు. ఊరి రూలు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూలు విడిగా చూసుకోవాలి.

ఆస్టిన్_వేణు

డైసీ 753 చూడండి. ఒక్కసారి లీవరు తిప్పితే గాలి నిండుతుంది, సిలిండరు అక్కర్లేదు. 4-హెచ్ పిల్లల క్లబ్బుల్లో దాని మీదే ఎంతోమంది నేర్చుకున్నారు. మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే టెక్సస్ 4-హెచ్ షూటింగ్ విభాగంలో చేర్పించొచ్చు. ఎయిర్ రైఫిల్‌ని కూడా సేఫులోనే పెట్టండి, కళ్లద్దాలు తప్పనిసరి, ఆ నాలుగు నియమాలూ దీనికీ అంతే.

డెంటన్_శ్రీను (ఏడు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఏం కొన్నామో చెప్తాను. ముందు సేఫ్, 260. తర్వాత రూగర్ 10/22, 310. చెవి మఫ్‌లు, కళ్లద్దాలు నలుగురికీ కలిపి 110. మా ఆవిడ క్లాసు 90. డైసీ ఎయిర్ రైఫిల్ సెకండ్‌హ్యాండ్ 130. కేబుల్ తాళాలు స్టేషన్లో ఉచితంగానే ఇచ్చారు. షాట్‌గన్ ఆలోచన మానేశాం. బాషా అన్న చెప్పినట్టు పగలు ఇల్లంతా నడిచి చూశాను. మా మంచం దగ్గర్నుంచి గుమ్మానికి గీత గీస్తే సరిగ్గా బాబు తలగడ మీదికి పోతోంది. వాడి మంచం అవతలి గోడకి మార్చేశాం. వెనక తలుపుకి కొత్త గడియ, రెండు లైట్లు పెట్టించాం.

పిస్టల్ ఇంకా కొనలేదు. మా ఆవిడ క్లాసులో నాలుగు కాల్చి చూసింది. షీల్డ్ ఈజీ .380 దగ్గర ఆగింది. ఇంకో రెండు క్లాసులయ్యాకే కొందామంది, నేనూ సరేనన్నాను. మిగిలిన 300కి ఇంకొంచెం కలపాలి.

మామగారి సంగతి చెప్పాలి. రేంజికి రాకూడదని చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు, మొహం మాత్రం చిన్నబోయింది. ఎయిర్ రైఫిల్ వచ్చాక కౌంటీలో కనుక్కుని, వెనకాల పాత దుప్పట్లు కుక్కిన పెట్టె, దాని వెనక మట్టికట్ట వేశాం. సరిగ్గా పది మీటర్లు ఆయనే అడుగులతో కొలిచారు. మొదటిసారి పడుకుని గురి పెట్టబోతే మోకాలు పట్టేసింది, కుర్చీ తెచ్చుకున్నారు. ఐదు పెల్లెట్లు, ఐదూ పావలా కాసంత చోటులో. తర్వాత అమ్మాయి చేతికిచ్చి "ఊపిరి సగం వదులు, అక్కడ ఆపు, అప్పుడు నొక్కు. నొక్కినట్టు నీకే తెలియకూడదు" అన్నారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదున్నరకి అది హోంవర్కు పక్కన పెట్టి తాతయ్య దగ్గరికి పోతోంది. కాల్చిన కాయితాలన్నీ తారీఖు వేసి ఫ్రిజ్ మీద అంటిస్తోంది. బావమరిది కూడా దాంతోనే సరిపెట్టుకున్నాడు, ఆ లాయరు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన మానుకున్నాడు.

డాలస్_డా_లక్ష్మి

సేఫ్ నంబరు ఎవరికెవరికి తెలుసు శ్రీను గారూ?

డెంటన్_శ్రీను

ఇద్దరికే, నాకూ మా ఆవిడకీ. ఎయిర్ రైఫిల్ కూడా మేమే తీసిస్తాం, మేమే లోపల పెడతాం. పుట్టినరోజులు, పెళ్లిరోజు ఏవీ పెట్టలేదండీ.

ఆస్టిన్_వేణు

కీప్యాడ్ సేఫ్ అయితే బ్యాటరీ ఏడాదికోసారి మార్చండి, ఏదో ఒక పండగ రోజుకి ముడిపెట్టుకుంటే గుర్తుంటుంది. దాని విడి తాళంచెవి ఇంట్లో కాకుండా మీ బ్యాంకు లాకరులో పెట్టండి.

డెంటన్_శ్రీను

దసరాకి పెట్టుకుంటాం. ఆయుధపూజ రోజు ఎలాగూ తెరుస్తాం.